ఎగువ నేల - దిగువ నీళ్లు

ఎండాకాలం. వాగు ఎండిపోయింది. ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకోవాలి. తవ్వే ముందు ఆడవాళ్లు ఏం చేస్తారు? ముందు ఎగువకు చూస్తారు. పైన ఎవరైనా బట్టలు ఉతుకుతున్నారా? గేదెల్ని కడుగుతున్నారా? చచ్చిన గొడ్డు ఏదైనా పడి ఉందా? అన్నీ చూసుకుని, అందరికంటే పైపక్కన చెలమ తవ్వుతారు. కింది పక్కన బట్టలు ఉతుక్కోవచ్చు. పైన ఉతికితే మాత్రం కిందివాళ్లు ఆ మురికే తాగాలి.

ఈ సంగతి ఏ బడిలోనూ నేర్చుకున్నది కాదు. తల్లి నుంచి కూతురికి వచ్చింది. అత్త నుంచి కోడలికి వచ్చింది.

ప్రపంచంలోని పెద్ద నగరాల్లో న్యూయార్క్ ఒకటి. అది అమెరికా దేశంలో ఉంది. అక్కడ 80 లక్షలకు పైగా జనం ఉన్నారు. మన ఊళ్ల నుంచి చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఆ నగరం తాగే నీళ్ల కోసం చివరికి ఈ చెలమ సూత్రాన్నే పట్టుకుంది. నీళ్లు మురికి అయ్యాక కడుక్కునే కన్నా, ఎగువనే మురికి కాకుండా చూసుకోవడం మేలనుకుంది. అందుకోసం ఎగువన భూములు కొన్నది. అడవిని కాపాడింది. రైతులకు డబ్బు ఇచ్చింది. జనం నడిచే దారులు తెరిచింది.

ఇదంతా సులువుగా జరగలేదు. ఎగువన ఉన్నది ఒట్టి నేల కాదు. ఆ నేల మీద మనుషులు ఉన్నారు. వాళ్లకు ఊళ్లు ఉన్నాయి. పొలాలు ఉన్నాయి. పాత గాయాలు కూడా ఉన్నాయి.

వాటర్‌షెడ్ అంటే ఏమిటి?

పెంకుటిల్లు చూడండి. వాన పడుతుంది. నడికొప్పుకు ఇటు పడ్డ చుక్క ఇటు చూరు నుంచి కారుతుంది. అటు పడ్డ చుక్క అటు చూరు నుంచి కారుతుంది. ఒక చూరు కింద బిందె పెడితే ఆ వైపు కప్పు మీద పడ్డ నీళ్లే బిందెలోకి వస్తాయి. కప్పు మీద కోడి రెట్ట వేసి ఉంటే అది కూడా బిందెలోకే వస్తుంది.

కొండలూ లోయలూ కూడా అంతే. కొండ కొస నడికొప్పు లాంటిది. ఒక వాగులోకి వాన నీళ్లు జారి వచ్చే నేల అంతటినీ ఆ వాగు పరీవాహక ప్రాంతం అంటారు. దాన్నే వాటర్‌షెడ్ అని కూడా అంటారు. చిన్న వాగుకు చిన్న వాటర్‌షెడ్ ఉంటుంది. పెద్ద నదికి పెద్ద వాటర్‌షెడ్ ఉంటుంది. అందులో అడవి, చేలు, ఊళ్లు, రోడ్లు, పశువుల దొడ్లు అన్నీ ఉంటాయి. వాటి మంచీ చెడూ వాగులోకి చేరతాయి.

చెట్లు ఉన్న వాలు మీద వాన పడితే ఏమవుతుంది? చుక్క ముందు ఆకు మీద పడుతుంది. దాని వేగం తగ్గుతుంది. కింద రాలిన ఆకుల మీద పడుతుంది. మెల్లగా నేలలోకి ఇంకుతుంది. వేళ్లు మట్టిని పట్టుకుని ఉంటాయి. నేలలో ఇంకిన నీరు చాలా రోజులకు ఊటగా బయటికి వస్తుంది. ఆ నీరు తేటగా ఉంటుంది.

చెట్లు లేని వాలు మీద వాన పడితే? చుక్క నేరుగా మట్టిని కొడుతుంది. మట్టి కరుగుతుంది. నీళ్లు ఎర్రగా పరుగెత్తుతాయి. దారిలో ఉన్న పేడ, ఎరువు, పురుగు మందు, మురుగు అన్నీ తోడుకుని వాగులో పడతాయి.

నగరం దాహం

న్యూయార్క్ మొదట్లో చిన్న ఊరే. నగరంలోనే ఒక పెద్ద చెరువు ఉండేది. జనం ఆ చెరువు నీళ్లు, బావుల నీళ్లు తాగేవారు. చెరువు ఒడ్డున తోళ్ల కార్ఖానాలు వచ్చాయి. చెత్త, మురుగు అందులోకే వదిలారు. చెరువు కంపు కొట్టింది. చివరికి 1810ల్లో దాన్ని పూడ్చేశారు. ఊళ్లో ఉన్న నీళ్లను ఊరే పాడు చేసుకుంది.

1832లో నగరానికి కలరా వచ్చింది. సుమారు 3,500 మంది చనిపోయారు. ఉన్నవాళ్లు బండ్లెక్కి పారిపోయారు. లేనివాళ్లు ఊళ్లో మిగిలారు. ఎక్కువగా చనిపోయింది వాళ్లే.

అప్పుడు నగరం ఉత్తరాన ఉన్న క్రోటన్ అనే నది వైపు చూసింది. దాని మీద ఆనకట్ట కట్టింది. 60 కిలోమీటర్లకు పైగా పొడవున రాతి కట్టడపు కాలువ వేసింది. 1842లో క్రోటన్ నీళ్లు నగరానికి వచ్చాయి.

నగరం పెరిగింది. ఆ నీళ్లు చాలలేదు. ఈసారి ఇంకా దూరం వెళ్లింది. 160 కిలోమీటర్ల అవతల క్యాట్‌స్కిల్ కొండలు ఉన్నాయి. అడవులతో, వాగులతో నిండిన కొండలు. అక్కడి నీళ్లు పల్లానికి వాటంతట అవే పారి నగరానికి వస్తాయి. మోటార్లతో తోడే పని దాదాపు లేదు. హడ్సన్ అనే పెద్ద నది అడ్డం వస్తే, దాని అడుగున రాతిలో సొరంగం తవ్వారు.

మునిగిన ఊళ్లు

క్యాట్‌స్కిల్ కొండల్లో మొదటి పెద్ద జలాశయం పేరు అషోకన్. ఈసోపస్ అనే వాగు మీద 1907లో పని మొదలైంది. 1915 నాటికి నీళ్లు వాడకంలోకి వచ్చాయి.

జలాశయం కట్టాలంటే లోయ మునగాలి. ఆ లోయలో ఊళ్లు ఉన్నాయి. సుమారు 2 వేల మంది ఇళ్లు వదిలిపోయారు. ఇళ్లు కూల్చారు. చెట్లు కొట్టారు. రైలు మార్గాన్ని పక్కకు జరిపారు. రెండు వేలకు పైగా సమాధులను తవ్వి వేరే చోటికి మార్చారు. తాతల ఎముకలను కూడా లేపి తీసుకుపోవాల్సి వచ్చింది.

అంతటితో ఆగలేదు. 1960ల దాకా ఆ వైపున ఇంకా ఐదు జలాశయాలు కట్టారు. వాటిలో కొన్ని డెలావేర్ నదికి నీళ్లు తెచ్చే పాయల మీద ఉన్నాయి. మళ్లీ ఊళ్లు మునిగాయి. మళ్లీ జనం కదిలారు.

మునిగిపోయిన ఊళ్లవాళ్లు ఆ చుట్టుపక్కలే ఎక్కడో ఇళ్లు కట్టుకున్నారు. నీటి చుట్టూ నగరం బోర్డులు పెట్టింది. అనుమతి లేనిదే లోపలికి రాకూడదంది. ఒకప్పుడు తమ ఊరు ఉన్న చోటుకు తాము వెళ్లడానికి లేదు. మునక ఊళ్ల బాధ మన కృష్ణా, గోదావరి జనానికి చెప్పనక్కర లేదు. శ్రీశైలం ముంపులో, పోలవరం ముంపులో ఇల్లు పోయినవాళ్లకు అది తెలుసు.

కడగాలా? కాపాడాలా?

1989లో అమెరికా కేంద్ర ప్రభుత్వం కొత్త నియమం పెట్టింది. నదుల నుంచి, చెరువుల నుంచి తాగునీళ్లు తీసుకునే ప్రతి ఊరూ ఆ నీళ్లను వడగట్టాలి. అంటే ఫిల్టరు కేంద్రం కట్టాలి. నీళ్లు ఎగువనే శుభ్రంగా ఉన్నాయని, ఇక ముందు కూడా శుభ్రంగా ఉంచుతామని రుజువు చేసిన ఊరికి మాత్రం మినహాయింపు ఉంటుంది.

న్యూయార్క్ అధికారులు లెక్క వేశారు. క్యాట్‌స్కిల్, డెలావేర్ నీళ్లకు ఫిల్టరు కేంద్రం కట్టడానికి 600 కోట్ల నుంచి 800 కోట్ల డాలర్లు అవుతుందని తేలింది. మన డబ్బు రూపాయి అయినట్టు అమెరికా డబ్బు డాలరు. కట్టాక దాన్ని నడపడానికి ఏటా 25 కోట్ల నుంచి 30 కోట్ల డాలర్లు కావాలి. ఈ భారమంతా కొళాయి బిల్లు కట్టే జనం మీదే పడుతుంది.

రెండో దారి ఏమిటి? ఎగువ నేలను కాపాడటం. దానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఇంకో మాట కూడా ఉంది. ఫిల్టరు ఉంటే చాలు, భయం లేదనుకోవడం తప్పు. 1993లో అమెరికాలోనే మిల్వాకీ అనే నగరంలో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఫిల్టరు కేంద్రాలు ఉన్నాయి. అయినా ఒక సూక్ష్మజీవి వాటిని దాటి కొళాయిల్లోకి వచ్చింది. దాని పేరు క్రిప్టోస్పొరిడియం. సుమారు 4 లక్షల మందికి విరేచనాలు పట్టుకున్నాయి. రోగంతో బలహీనంగా ఉన్నవాళ్లు పదుల సంఖ్యలో చనిపోయారు. నీళ్లలో కలిపే క్లోరిన్ మందుకు ఈ సూక్ష్మజీవి అంత సులువుగా చావదు. కాబట్టి అది నీళ్లలోకి రాకుండా చూడటమే మొదటి కాపలా.

ఒకే నగరం, రెండు కథలు

క్రోటన్ సంగతి గుర్తుందా? నగరం మొదట నీళ్లు తెచ్చుకున్న నది అది. క్రోటన్ నేల నగరానికి దగ్గర. నగరం పెరిగేకొద్దీ జనం అటువైపు ఇళ్లు కట్టుకున్నారు. రోడ్లు వచ్చాయి. దుకాణాలు వచ్చాయి. నేల కప్పుపడిపోయింది. నీళ్లు ఇంకే చోటు తగ్గింది. మురుగు పెరిగింది. క్రోటన్ నీళ్లకు మినహాయింపు దొరకలేదు. నగరం ఫిల్టరు కేంద్రం కట్టక తప్పలేదు. 300 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. 2015లో అది పని మొదలుపెట్టింది. నగరం తాగే నీళ్లలో క్రోటన్ వాటా మామూలుగా పదో వంతే. ఆ పదో వంతుకే అంత ఖర్చు.

మిగతా తొమ్మిది వంతులు క్యాట్‌స్కిల్, డెలావేర్ నీళ్లు. అక్కడ నేలలో నాలుగింట మూడు వంతులు అడవే. ఆ అడవి ఉన్నట్టే ఉంటే నీళ్లు ఉన్నట్టే ఉంటాయి. అది కూడా క్రోటన్ లాగా అయిపోతే?

ఆ అడవి కూడా ఒకప్పుడు దెబ్బ తిన్నదే. 1800ల్లో ఆ కొండల మీద హెమ్లాక్ అనే చెట్లను విపరీతంగా కొట్టారు. మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసినట్టు, అక్కడ హెమ్లాక్ బెరడుతో పదును చేసేవారు. బెరడు ఒలిచి, మానును చాలా చోట్ల అక్కడే వదిలేసేవారు. వాగులు పాడయ్యాయి. తర్వాత 1885లో రాష్ట్ర ప్రభుత్వం కొంత అడవిని రక్షిత అడవిగా ప్రకటించింది. 1894లో ఆ అడవిని కొట్టకూడదు, అమ్మకూడదు అని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. నేల మళ్లీ పచ్చబడింది. పోయిన అడవి తిరిగి రావచ్చు. కానీ అందుకు తరాలు పడతాయి.

కొండ జనం కోపం

1990లో నగరం కొత్త నియమాల ముసాయిదా బయటపెట్టింది. వాగుల పక్కన ఏం కట్టకూడదో, పొలంలో ఏం చేయకూడదో అందులో ఉంది. ఆ కొండల మీద నియమాలు పెట్టే అధికారం నగరానికి పాత చట్టం వల్ల ఉంది.

కొండ జనానికి ఒళ్లు మండింది. ఒకప్పుడు ఊళ్లు ముంచారు. ఇప్పుడు మిగిలిన నేల మీద కూడా ఆంక్షలు పెడతారా? నీళ్లు తాగేది నగరం. నష్టపోయేది తామా? ఇదీ వాళ్ల బాధ. అది న్యాయమైన బాధే. ఆ కొండల మీద ఉన్నవాళ్లు ఎక్కువగా చిన్న పాడి రైతులు, చిన్న దుకాణాల వాళ్లు. నగరంతో పోలిస్తే డబ్బు తక్కువ. ఉద్యోగాలు తక్కువ.

1991లో ఎగువ ఊళ్లన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. కోర్టుకు వెళ్లాయి. ఒక్కొక్క ఊరు విడిగా అడిగితే నగరం వినేది కాదు. అందరూ కలిసి అడిగితే వినక తప్పలేదు. ఏళ్ల తరబడి వాదన జరిగింది. చివరికి రాష్ట్ర గవర్నరు అందరినీ ఒక చోట కూర్చోబెట్టాడు. 1997 జనవరి 21న ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి.

ఒప్పందంలో ఏముంది?

ఒకటి. నగరం ఎగువన భూమి కొనవచ్చు. అయితే అమ్మేవాళ్లు ఇష్టపడి అమ్మితేనే కొనాలి. బలవంతంగా తీసుకోకూడదు. బజారు ధర ఇవ్వాలి. కొన్న భూమికి పన్ను కూడా కట్టాలి. లేకపోతే ఊరి ఆదాయం పడిపోతుంది. ఊరు పెరగడానికి కావలసిన చోటును ఊరివాళ్లు ముందే గీసి ఉంచుకోవచ్చు. అక్కడ నగరం కొనకూడదు.

రెండు. భూమి అమ్మడం ఇష్టం లేని వాళ్లకు ఇంకో దారి ఉంది. భూమి వాళ్లదే. సాగు వాళ్లదే. పిల్లలకు ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. కానీ ఆ భూమిని ప్లాట్లు చేయం, భవనాలతో నింపం అని కాగితం రాసి ఇస్తారు. అందుకు డబ్బు తీసుకుంటారు. తర్వాత ఆ భూమి ఎవరి చేతికి వెళ్లినా ఆ మాట భూమితో పాటే వెళ్తుంది.

మూడు. ఎగువ ఊళ్ల మురుగు నీళ్లను శుద్ధి చేసే కేంద్రాలను నగరమే తన ఖర్చుతో బాగుచేయించాలి. ఇళ్లలో పాడైపోయిన సెప్టిక్ ట్యాంకులకు కూడా డబ్బు ఇవ్వాలి. అప్పటి నుంచి అలా వేల ట్యాంకులు బాగయ్యాయి.

నాలుగు. ఎగువ జనం బతుకుతెరువు కోసం సుమారు 6 కోట్ల డాలర్లతో ఒక నిధి పెట్టాలి. దుకాణం పెట్టుకునేవాళ్లకు, చిన్న పరిశ్రమ పెట్టుకునేవాళ్లకు అందులోంచి అప్పు ఇస్తారు. పొదుపు సంఘం డబ్బు తిరిగినట్టు ఆ డబ్బు తిరుగుతుంది. దాన్ని నడిపే సంస్థలో ఎగువ ఊళ్ల ప్రతినిధులదే పెద్ద చెయ్యి.

ఈ ఒప్పందం వచ్చాక నగరం లక్షా 50 వేల ఎకరాలకు పైగా నేలను కాపాడుకుంది. కొంత భూమి కొన్నది. కొంత భూమికి కాగితం రాయించుకుంది.

ఆవు, దూడ, వాగు

కొండల మీద పాడి రైతులు ఉన్నారని చెప్పుకున్నాం కదా. ఆవు వాగులో దిగి నీళ్లు తాగుతుంది. అక్కడే పేడ వేస్తుంది. గిట్టలతో ఒడ్డు తొక్కుతుంది. ఒడ్డు విరిగి మట్టి నీళ్లలో పడుతుంది. వాన వస్తే దొడ్లో పేడ కూడా కొట్టుకొస్తుంది. పేడ చేనుకు బలం. కానీ అదే పేడ జలాశయంలో చేరితే నాచుకు బలం. నాచు పెరిగితే నీళ్లు వాసన వేస్తాయి.

చిన్న దూడలతో ఇంకో భయం ఉంది. క్రిప్టోస్పొరిడియం సూక్ష్మజీవి పుట్టిన కొద్ది వారాల దూడల పేడలో ఎక్కువగా ఉంటుంది.

మరి రైతులను పశువులు అమ్ముకోమనాలా? అలా అంటే ఇంకో ప్రమాదం ఉంది. పాడి లేకపోతే రైతు పొలం అమ్ముతాడు. ఆ పొలంలో ఇళ్లు లేస్తాయి. అప్పుడు క్రోటన్ కథే మళ్లీ వస్తుంది. నీళ్లు బాగుండాలంటే రైతు నిలబడాలి. ఈ సంగతి నగరం అర్థం చేసుకోవడానికి కొంత కాలం పట్టింది.

1990ల మొదట్లోనే రైతులు ఒక షరతు మీద ముందుకొచ్చారు. పథకం రైతుల చేతిలోనే ఉండాలి. డబ్బు నగరం ఇవ్వాలి. చేరడం, చేరకపోవడం రైతు ఇష్టం. 1993లో రైతులే ముందుండి నడిపే ఒక మండలి ఏర్పడింది. ప్రతి పొలానికీ విడిగా ఒక ప్లాను వేశారు. ఎక్కువ మంది రైతులు చేరారు.

ఏం చేశారు? వాగు ఒడ్డున కంచె వేశారు. ఆవులకు దూరంగా నీళ్ల తొట్లు కట్టారు. వాగు దాటాల్సిన చోట గట్టి దాటు కట్టారు. కంచెకూ వాగుకూ మధ్య చెట్లు, గడ్డి పెంచారు. వాన నీళ్లు ఆ గడ్డిలో ఆగి, మట్టిని వదిలి, తేటపడి వాగులోకి వెళ్తాయి. పేడ దాచడానికి గట్టి చోటు కట్టారు. దూడలకు పొడిగా ఉండే పాకలు వేశారు. రైతుకు కూడా మేలు జరిగింది. శుభ్రమైన నీళ్లు తాగే గొడ్డు, పొడి చోట పడుకునే దూడ ఆరోగ్యంగా ఉంటాయి.

నడిచే దారులు

నగరం భూములు కొన్నది. మరి ఆ భూముల చుట్టూ కంచె వేసి తాళం వేయాలా? పాత రోజుల్లో అలాగే ఉండేది. అందుకే కోపం పెరిగింది. కొత్త ఒప్పందం తర్వాత తీరు మారింది. నగరం కొన్న భూముల్లో చాలా వాటిని జనానికి తెరిచింది. నడవవచ్చు. చేపలు పట్టవచ్చు. కొన్నిచోట్ల కాలాన్ని బట్టి వేటకు కూడా వెళ్లవచ్చు.

జనం నడిస్తే నీళ్లు పాడవవా? ఎక్కడ పడితే అక్కడ నడిస్తే పాడవుతాయి. కొండ మీద నిటారుగా దిగే కాలిబాట చూడండి. నాలుగు వానలకు అది కాలవ అవుతుంది. మట్టి అంతా వాగులోకి పోతుంది. వాలుకు అడ్డంగా, మెల్లగా దిగే బాట వేస్తే అలా కాదు. అక్కడక్కడ నీళ్లు పక్కకు పోయే తోవ చేయాలి. బురద చోట రాళ్లు పరచాలి. మంచి బాట ఉంటే మనుషులు దాని మీదే నడుస్తారు. మిగతా అడవి తొక్కుడు పడకుండా ఉంటుంది.

అషోకన్ జలాశయం కోసం పక్కకు జరిపిన రైలు మార్గం గుర్తుందా? ఆ రైళ్లు ఎప్పుడో ఆగిపోయాయి. 2011లో ఐరీన్ అనే తుపాను వచ్చింది. వరద ఆ మార్గంలోని ఒక పాత రైలు వంతెనను కొట్టుకుపోయింది. తర్వాత అల్స్టర్ కౌంటీ, న్యూయార్క్ నగరం కలిసి ఆ మార్గాన్ని నడక దారిగా మార్చాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. వంతెన కొత్తగా కట్టారు. పట్టాల చోట సన్న కంకర పరిచి చదును చేశారు. 2019 అక్టోబరులో దారి తెరిచారు.

ఆ దారి పొడవు సుమారు 18 కిలోమీటర్లు. జలాశయం ఉత్తరపు ఒడ్డున చెట్ల మధ్య నుంచి పోతుంది. ఎగుడు దిగుడు లేదు. ముసలివాళ్లు నడవవచ్చు. పిల్లలు సైకిలు తొక్కవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు కూడా వెళ్లవచ్చు. టిక్కెట్టు లేదు. నీళ్లలో ఈత కొట్టడానికి మాత్రం వీల్లేదు. దాదాపు వంద ఏళ్లుగా మామూలు జనం చూడలేని ఒడ్డు అది. తాతల ఊరు మునిగిన చోటుకు మనవలు ఇప్పుడు నడిచి వెళ్లగలుగుతున్నారు.

దారి వల్ల ఇంకో లాభం ఉంది. నడిచేవాళ్లు చూస్తారు. ఒడ్డు ఎక్కడ విరిగిందో, చెత్త ఎవరు వేశారో, నీళ్లు ఎప్పుడు రంగు మారాయో వాళ్లకు కనిపిస్తుంది. కళ్లతో చూసిన నీళ్ల మీద మమకారం ఉంటుంది. ఎవరూ చూడని చోట ఏం జరిగినా అడిగేవాళ్లు ఉండరు.

అన్నీ తీరిపోయాయా?

తీరలేదు. నగరం భూములు కొంటూ పోతే మా పిల్లలు ఇళ్లు ఎక్కడ కట్టుకోవాలని ఎగువ ఊళ్లు అడుగుతూనే ఉన్నాయి. అందువల్ల ఎక్కడ కొనాలి, ఎంత కొనాలి అనే మాట మళ్లీ మళ్లీ చర్చకు వచ్చింది. పెద్ద వానలు పడితే ఈసోపస్ వాగు ఇప్పటికీ ఎర్రగా పారుతుంది. ఆ కొండల అడుగున జిగట మట్టి ఉంది. వాగు ఒడ్డు కోసుకుపోయిన చోట ఆ మట్టి నీళ్లలో కలుస్తుంది. ఒడ్లను కాపాడే పని సాగుతూనే ఉంది.

ఎగువను కాపాడామని నగరం మందు వేయడం మానలేదు. నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. క్రిప్టోస్పొరిడియం లాంటి వాటిని దెబ్బ తీయడానికి ఒక ప్రత్యేకమైన కాంతిని నీళ్ల గుండా పంపిస్తారు. రోజూ నీళ్లను పరీక్ష చేస్తారు.

మినహాయింపు కూడా ఒకసారి ఇస్తే శాశ్వతం కాదు. గడువు పెట్టి ఇస్తారు. గడువు తీరగానే మళ్లీ రుజువు చూపాలి. 1993 నుంచి ఇలా రుజువు చూపిస్తూ, క్యాట్‌స్కిల్, డెలావేర్ నీళ్లను నగరం వడగట్టకుండానే తాగుతోంది. ఇది అందరి పని వల్ల నిలిచింది. నగరం బిల్లు కట్టింది. రైతు కంచె వేశాడు. ఎగువ ఊరు పట్టుబట్టి తన వాటా అడిగింది.

మన ఎగువ

న్యూయార్క్ చాలా డబ్బున్న నగరం. మన ఊళ్లకు అంత డబ్బు లేదు. కానీ నీళ్ల నడక ఎక్కడైనా ఒకటే. ఎగువ నుంచి దిగువకే. మన ఊరి చెరువుకూ ఒక ఎగువ ఉంది. బోరింగుకూ ఒక ఎగువ ఉంది. ఆ ఎగువన ఉన్న బంజరు ఎవరిది? అక్కడ చెట్లు ఉన్నాయా? చెరువుకు వచ్చే వాగులో ఎవరైనా కట్ట వేశారా, చెత్త పోశారా?

బిందె పట్టుకుని ఒక్కరోజు చెరువు దాకా కాదు, చెరువు దాటి పైకి నడిచి చూడండి. నలుగురు కలిసి వెళ్లండి. వాన వెలిసిన మర్నాడు వెళితే ఇంకా మంచిది. నీళ్లు వచ్చిన దారి అప్పుడు మట్టి మీద రాసినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు అక్షరాలు చదివే మీకు ఆ రాత చదవడం కష్టం కాదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరి చెరువులోకి లేదా వాగులోకి నీళ్లు ఏ గుట్టల నుంచి వస్తాయి?

2. ఆ దారిలో నీళ్లను పాడు చేసేవి ఏమున్నాయి? అందులో మీ ఊరు మాన్పించగలిగేవి ఏవి?

3. ఎగువవాళ్లు నీళ్లు కాపాడితే దిగువవాళ్లు వాళ్లకు ఏమివ్వాలి?

4. ఎగువ ఊళ్లు సంఘంగా కలవకపోతే 1997 ఒప్పందం ఎలా ఉండేది?